అమరజీవి పుట్టిన ఊరు

పొట్టి శ్రీరాములు పేరు చెబితే, రాష్ట్రం కోసం ప్రాణమిచ్చారని మన పిల్లలు ఠక్కున అంటారు. అంతకు ముందు కథ కూడా మనం చెప్పాలి.

ఆయన 1901 మార్చి 16న మద్రాసులో పుట్టారు. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగ్ చదివి, రైల్వేలో ఉద్యోగం చేశారు. భార్య, బిడ్డ చనిపోయాక కొలువు వదిలి సబర్మతి ఆశ్రమం చేరారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. 1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని నిరాహార దీక్ష చేశారు. ఆ గుడిలోకి వెళ్లడానికి ఆయనకు ఏ అడ్డూ లేదు. పస్తున్నది ఇతరుల హక్కు కోసం.

1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్ష మొదలుపెట్టారు. 58 రోజులకు, డిసెంబరు 15న కన్నుమూశారు. ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి పోగానే ఆంధ్ర జిల్లాల్లో అల్లర్లు చెలరేగాయి. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. డిసెంబరు 19న నెహ్రూ ప్రకటన చేశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా రాష్ట్రం ఏర్పడింది.

మద్రాసు అందులో చేరలేదు. బళ్లారి మైసూరుకు వెళ్లింది. ఆయన పుట్టిన ఊళ్లోనే తెలుగు అల్పసంఖ్యాకుల భాషగా మిగిలింది. కనుక మన తరగతుల్లో దీన్ని గెలుపు కథగా మాత్రమే చెప్పలేం. పక్క భాషపై కోపం నేర్పడానికీ వాడుకోకూడదు. మన బడికి తెలుగు టీచరు కావాలని అర్జీ పెట్టేటప్పుడు, పక్కనున్న ఉర్దూ బడి అర్జీ మీదా సంతకం చేద్దాం. మూలాపేట నేర్పింది అదే.