మూడణాల లెక్క

ఏడో తరగతిలో సగటు పాఠం మొదలుపెట్టిన ప్రతిసారీ మేము రామ్ మనోహర్ లోహియా ప్రస్తావన తెస్తాం. ఆ పేరు విన్న పిల్లలు తక్కువ. అణా అంటే ఏమిటో తెలిసినవాళ్లు అంతకన్నా తక్కువ. రూపాయికి పదహారు అణాలని చెప్పి, మిగతాది ఇంటికి వెళ్లి నాయనమ్మనో అమ్మమ్మనో అడగమంటాం. మరునాడు ఒకరిద్దరు కాణీ, బేడ, పావలా అన్నీ కనుక్కుని వస్తారు. అప్పుడు 1963 ఆగస్టులో లోక్‌సభలో నడిచిన లెక్క బోర్డు మీద వేస్తాం.

లోహియా 1910 మార్చి 23న ఉత్తరప్రదేశ్‌లోని అక్బర్‌పూర్‌లో వ్యాపార కుటుంబంలో పుట్టారు. ఊహ తెలియని వయసులోనే తల్లి పోయింది. తండ్రి హీరాలాల్ జాతీయోద్యమంలో తిరిగే మనిషి. గాంధీజీ దగ్గరికి కొడుకును కూడా తీసుకెళ్లేవారు. చదువు బొంబాయి, కాశీ, కలకత్తాల్లో సాగి బెర్లిన్ చేరింది. అక్కడ ఇంగ్లీషుతో పని జరగదని తెలిసి జర్మన్ నేర్చుకున్నారు. ఉప్పు సత్యాగ్రహం అంశంగా పరిశోధన చేసి 1933లో డాక్టరేటు పుచ్చుకుని తిరిగొచ్చారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒకటి, బడిలో మరొకటి మాట్లాడే మన పిల్లలకు ఈ ముక్క చెబితే పెద్ద ఆశ్చర్యమేమీ కనబరచరు. వాళ్లకది రోజూ ఉండేదే.

1934లో కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పుట్టినప్పుడు అందులో ఉన్నారు. 1936లో కాంగ్రెస్ విదేశీ వ్యవహారాల విభాగం చూడమని జవహర్‌లాల్ నెహ్రూ ఆయన్ను అలహాబాదుకు పిలిచారు. తర్వాతి కథకు ఇది గుర్తుంచుకోవాలి. పాతికేళ్ల తర్వాత సభలో ఆయన నిలదీసింది ఒకప్పుడు తనను చేరదీసి పని అప్పగించిన పెద్దమనిషినే. క్విట్ ఇండియా రోజుల్లో అజ్ఞాతంలో ఉండి రహస్య కాంగ్రెస్ రేడియో పనిలో పాలుపంచుకున్నారు. 1944లో పట్టుబడి లాహోర్ కోటలో చిత్రహింసలు అనుభవించారు. 1946 ఏప్రిల్‌లో విడుదలై, ఒళ్లు కుదుటపడకముందే జూన్ 18న మడ్గావ్‌లో పోర్చుగీసు నిషేధాన్ని ధిక్కరించి సభ పెట్టారు. గోవా విమోచనోద్యమానికి అదే కొత్త మలుపు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆయన జైళ్లకు వెళ్లడం ఆగలేదు.

హైదరాబాదుతో ఆయనకు గట్టి బంధమే ఉంది. 1955 చివర్లో ఆయన కొత్త సోషలిస్టు పార్టీ రూపుదిద్దుకున్నది అక్కడే. మరుసటి ఏడాది మ్యాన్‌కైండ్ అనే పత్రికను అక్కడి నుంచే తెచ్చారు. హైదరాబాదు వాసి బద్రీవిశాల్ పిత్తీ ఆయనకు ఆప్తుడు, ఆయన రచనల ప్రచురణకర్త.

1962 ఎన్నికల్లో ఫూల్‌పూర్‌లో నెహ్రూ మీదే పోటీ చేసి ఓడిపోయారు. చైనా యుద్ధంలో దెబ్బతిన్నాక ప్రభుత్వం మీద జనంలో నమ్మకం సడలింది. 1963లో ఫరూఖాబాద్ ఉప ఎన్నికలో గెలిచి, యాభై మూడేళ్ల వయసులో లోహియా తొలిసారి లోక్‌సభలో అడుగుపెట్టారు. అదే ఏడాది ఉప ఎన్నికల్లో గెలిచిన ఆచార్య కృపలానీ ఆగస్టులో అవిశ్వాస తీర్మానం పెట్టారు. స్వతంత్ర భారతంలో కేంద్ర ప్రభుత్వం మీద లోక్‌సభ చర్చించిన మొదటి అవిశ్వాస తీర్మానం అదే.

చర్చలో చైనా ఉంది, రక్షణ ఉంది, ధరలున్నాయి. లోహియా వాటి పక్కన ఇంకో లెక్క పెట్టారు. దేశంలో ఇరవై ఏడు కోట్ల మంది, అంటే నూటికి అరవై మంది, రోజుకు మూడణాల మీద బతుకుతున్నారన్నారు. ప్రధాని కోసం రోజుకు పాతిక వేల రూపాయలు ఖర్చవుతోందని ఆరోపించారు. నెహ్రూ ఒప్పుకోలేదు. ప్రణాళికా సంఘం లెక్క ప్రకారం తలసరి పదిహేను అణాలని జవాబిచ్చారు. లోహియా ఎత్తిచూపింది సరిగ్గా అక్కడే. పదిహేను అణాలు దేశం మొత్తానికి సగటు. మిల్లు యజమానినీ కూలివాణ్ణీ ఒకే గంపలో పోసి తీసిన సగటు అది. తాను అడిగింది కింది అరవై మంది సంగతి.

తరగతిలో మేము చేయించేది ఇంతే. పదిహేను అణాల చొప్పున ఏడాదికి 342 రూపాయలు. మూడణాల చొప్పున 68 రూపాయల పైచిలుకు. పాతిక వేల రూపాయలంటే నాలుగు లక్షల అణాలు. దాన్ని మూడుతో భాగించమంటే ఒక అమ్మాయి 1,33,333 మంది అని రాసి, మిగిలిన ఒక అణా ఎవరికివ్వాలని అడిగింది. జవాబు మా దగ్గర లేదు.

మూడణాలు నిజమేనా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆ అంకెను పాఠంలో తేలిన నిజంగా మేము చెప్పం. ప్రణాళికా శాఖ చూసిన గుల్జారీలాల్ నందా కింది అరవై శాతానికి ఏడున్నర అణాలని చెప్పారు. అది మూడు కాదు, అలాగని పదిహేనూ కాదు. అంతకు ఏడాది ముందే, 1962లో, ప్రభుత్వం వేసిన నిపుణుల బృందం మనిషికి నెలకు కనీసం ఇరవై రూపాయల ఖర్చు అవసరమని తేల్చింది. రోజుకు పదిన్నర అణాల పైమాట. అందులో వైద్యం, చదువు ఖర్చు కలపలేదు, అవి ప్రభుత్వం చూసుకుంటుందని వదిలేశారు. అంటే ప్రభుత్వం అంకెలే తీసుకున్నా, కింది అరవై మంది సగటు ఆ కనీసానికి అందలేదు. పోట్లాట మూడు దగ్గర మొదలైనా, బయటపడింది ఇదీ.

తీర్మానం వీగిపోయింది. అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347. అయితే ఆ లెక్క మీద సభలో వాదన ఓట్లతో ముగియలేదు, సెప్టెంబరులోనూ నడిచింది.

ఆయన భాషా విధానం సంగతికొస్తే మన ఇళ్లలో ఇప్పటికీ రెండు మాటలున్నాయి. పాలనలో, కోర్టుల్లో, చదువులో ఇంగ్లీషు పెత్తనం పోయి ప్రజల భాషలు రావాలని ఆయన జీవితాంతం పోరాడారు. సభలో హిందీలో మాట్లాడేవారు. 1963లో లోక్‌సభలో వెంటవెంటనే అనువదించి వినిపించే ఏర్పాటు లేదు, అది 1964లో వచ్చింది. కాబట్టి కూలివాడి తరఫున ఆయన చెప్పిన లెక్క హిందీ రాని దక్షిణాది సభ్యులకు నేరుగా అందలేదు. తమిళనాడులో పెరిగినవారు 1965 ఆందోళనలు మరిచిపోరు. లోహియా అంటే హిందీ మనిషి అని పక్కన పెట్టే తల్లిదండ్రులు మాకు తెలుసు. వారి అనుమానాన్ని మేము కొట్టిపారెయ్యం. కానీ ఇంగ్లీషు రాని పౌరుడు సొంత దేశపు కచేరీలో మూగవాడు కాకూడదన్న ఆయన వాదం హిందీవాళ్లకే చెల్లేది కాదు. రాష్ట్ర సగటు చూపించి, మీ పిల్లల సంఖ్య ఇంతేగదా అని అర్జీ వెనక్కి ఇచ్చిన గుమాస్తా ముందు నిలబడిన రోజున మాకు లోహియా చేసిన రెండు వాదాలూ ఒకేసారి గుర్తొచ్చాయి.

1967 ఎన్నికల్లో కాంగ్రెసేతర పక్షాలన్నీ కలవాలన్న ఆయన పంతం చాలావరకు నెగ్గింది. అనేక రాష్ట్రాల్లో ప్రభుత్వాలు మారాయి. ఆయన కన్నౌజ్ నుంచి గెలిచారు. ఆ సభలో కొద్ది నెలలే కూర్చోగలిగారు. ఢిల్లీలోని విల్లింగ్డన్ ఆస్పత్రిలో ప్రోస్టేట్ శస్త్రచికిత్స తర్వాత పరిస్థితి విషమించి 1967 అక్టోబర్ 12న కన్నుమూశారు. యాభై ఏడేళ్లు. పెళ్లి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. ఆ ఆస్పత్రికి తర్వాత ఆయన పేరే పెట్టారు.