నేల తరగదన్నారు.. తప్పని తేల్చారు: పొలం మట్టి కోసం 30 ఏళ్లు పోరాడిన హ్యూ బెన్నెట్ కథ

గట్టి వాన ఒక్కటి పడితే చాలు.. చేలల్లోంచి ఎర్రనీళ్లు వాగులోకి పరుగులు పెడతాయి. ఆ రంగు నీళ్లది కాదు, పొలం పైమట్టిది. ఏటా ఉండేదే కదా అని అందరూ వదిలేసిన ఈ విషయాన్ని అమెరికాలో ఒకాయన పట్టుకున్నారు. దాదాపు 30 ఏళ్లు దాని వెంటే పడి, చివరికి దేశం చేత చట్టం చేయించారు. ఆయనే హ్యూ హమ్మండ్ బెన్నెట్.

ఎవరీ బెన్నెట్?

1881 ఏప్రిల్ 15న నార్త్ కరోలినా రాష్ట్రంలోని ఆన్సన్ కౌంటీలో పుట్టారు. ఇంట్లో పత్తి సాగు. వాలు పొలంలో మట్టి కొట్టుకుపోకుండా గట్లు వేయడం చిన్నప్పుడే తండ్రి దగ్గర చూశారు. 1903లో డిగ్రీ పూర్తి చేసి, కేంద్ర వ్యవసాయ శాఖలోని నేలల విభాగంలో చేరారు. కౌంటీలు తిరుగుతూ నేలల మ్యాపులు గీయడమే ఉద్యోగం.

రెండు పక్కపక్క నేలలు

1905లో వర్జీనియాలోని లూయిసా కౌంటీకి పంపారు. అక్కడ పంటలు ఎందుకు పండట్లేదో చూడాలి. ఒకచోట అడవి, దాని పక్కనే ఏళ్ల తరబడి దున్నిన పొలం కనిపించాయి. వాలు ఒకటే, నేల రకం ఒకటే. కానీ అడవిలో మట్టి మెత్తగా, తేమగా ఉంది. పొలంలో మాత్రం గట్టి బంకమన్ను తేలింది.

దీంతో బెన్నెట్‌కు విషయం అర్థమైంది. నేల కోత అంటే పెద్ద పెద్ద గండ్లు పడటం ఒక్కటే కాదు. ప్రతి వానకూ పైనుంచి పలుచని పొర ఒకటి కదిలిపోతుంది. కంటికి కనిపించదు కాబట్టి రైతు పట్టించుకోడు. కొన్నేళ్లకు కింది బంకమన్ను పైకి తేలుతుంది.

అయితే సొంత శాఖే ఈ మాట వినలేదు. నేల తరగని ఆస్తి, ఎంత వాడినా పోదు అని 1909లో నేలల విభాగం తన నివేదికలో రాసింది. బెన్నెట్ మాత్రం తాను చూసినదాన్నే నమ్మారు.

పోయిన మట్టి ఎక్కడికి పోయింది?

1911లో సౌత్ కరోలినాలోని ఫెయిర్‌ఫీల్డ్ కౌంటీ సర్వే చేశారు. ఒకప్పుడు సాగైన దాదాపు 90 వేల ఎకరాలు గండ్లు పడి పాడైపోయాయి. అంతేకాదు.. వాగుల పక్కన ఉండే మంచి పల్లపు భూములు మరో 46 వేల ఎకరాలు మేటలు వేసి, నీళ్లు నిలిచి బీడుపడ్డాయి.

అసలు కథ ఇక్కడే ఉంది. వాలు మీద నీళ్లు వేగంగా దిగుతాయి, మట్టిని లాక్కొస్తాయి. పల్లంలోకి రాగానే వేగం తగ్గుతుంది, మోసుకొచ్చిన మట్టిని అక్కడే వదిలేస్తాయి. అంటే గుట్ట మీది రైతు పొలం కొట్టుకుపోతే, కింద ఉన్న రైతు పొలం పూడిపోతుంది. ఒక వాన ఇద్దరినీ ముంచుతుంది.

1928లో నేల కోత దేశానికే ముప్పు అంటూ మరో అధికారితో కలిసి ఓ నివేదిక తెచ్చారు. ఆ మరుసటి ఏడాదే పార్లమెంటు పరిశోధన కేంద్రాలకు 1.6 లక్షల డాలర్లు ఇచ్చింది. అక్కడ వాలు మీద చిన్న చిన్న మడులు కట్టి, కింద తొట్లు పెట్టారు. ప్రతి వానకూ ఎంత నీరు, ఎంత మట్టి దిగిందో కొలిచారు. ఏడాదిలో పోయే మట్టిలో ఎక్కువ భాగం కొద్దిపాటి జడివానలకే పోతోంది. పచ్చిక ఉన్నచోట మట్టి దాదాపు కదలట్లేదు.

కూన్ క్రీక్‌లో తొలి ప్రయోగం

మడిలో తేలింది సరే, ఒక వాగు మొత్తానికి అది పనికొస్తుందా? 1933లో కొత్తగా పెట్టిన నేల కోత నివారణ సంస్థకు బెన్నెట్ అధిపతి అయ్యారు. విస్కాన్సిన్‌లోని కూన్ క్రీక్‌ను ఎంచుకున్నారు. సుమారు 92 వేల ఎకరాల పరీవాహకం అది. ఒక్కో రైతును విడిగా కాకుండా వాగు మొత్తాన్ని ఒకే పొలంలా చూడాలన్నది ఆలోచన. 400 మందికి పైగా రైతులు ఒప్పందాలు చేసుకున్నారు. నిలువు సాళ్లు పోయి, వాలుకు అడ్డంగా వంపు తిరిగిన సాళ్లు వచ్చాయి. పంట పట్టీ, పచ్చిక పట్టీ పక్కపక్కన వేశారు. మన దగ్గర వాటర్‌షెడ్ పనుల్లో చేసేదీ దాదాపు ఇదే.. గుట్ట మీద మొదలుపెట్టి వాగు దాకా రావడం.

చట్టం తెచ్చిన దుమ్ము తుపాను

విచిత్రం ఏంటంటే.. వాన కోత గురించి జీవితమంతా చెప్పిన ఆయనకు చట్టం తెచ్చిపెట్టింది గాలి. 1935 వసంతంలో పశ్చిమ మైదానాల ఎండిన పొలాల మట్టి గాలికి లేచి రాజధాని వాషింగ్టన్ దాకా వచ్చింది. దుమ్ము వస్తోందని ముందే తెలిసి, సెనెట్ కమిటీ ముందు బెన్నెట్ కావాలనే ప్రసంగం సాగదీశారని, ఆకాశం మసకబారాక సభ్యులు కిటికీ దగ్గరికి వెళ్లి చూశారని చెబుతారు. ఆ ఏడాది ఏప్రిల్ 27న నేల పరిరక్షణ చట్టం వచ్చింది. కొత్త సంస్థకు బెన్నెట్ అధిపతి అయ్యారు. 1951 దాకా ఆ పదవిలోనే ఉన్నారు.

1937 నుంచి రైతులే నడుపుకునే నేల పరిరక్షణ జిల్లాలు మొదలయ్యాయి. తొలి జిల్లా బ్రౌన్ క్రీక్. అది బెన్నెట్ పుట్టిన ఆన్సన్ కౌంటీలోనే ఏర్పడింది. ఆయన 1960 జులై 7న కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సమాధి చేశారు.

ఆ తర్వాత ఏం తేలింది?

కూన్ క్రీక్‌ను ఏళ్ల తరబడి కొలిచిన స్టాన్లీ ట్రింబుల్ 1999లో సైన్స్ పత్రికలో ఒక లెక్క ఇచ్చారు. గుట్టల మీద కోత బాగా తగ్గింది. కానీ వాగు నుంచి మిసిసిపీ నదిలోకి వెళ్లే మట్టి మాత్రం పెద్దగా మారలేదు. కారణం.. పాత రోజుల్లో కొట్టుకొచ్చిన మట్టి లోయలోనే మేటలుగా పడి ఉంది, వాగు దాన్నే తవ్వుకుంటూ పోతోంది. అంటే నదిలో నీళ్లు బురదగా ఉన్నాయి కాబట్టి పొలంలో పని వృథా అనుకోవడం పొరపాటే.

ఇక 2018 ఆగస్టులో కుండపోత వానకు కూన్ క్రీక్, దాని పక్క పరీవాహకంలో కలిపి 5 వరద ఆనకట్టలు తెగిపోయాయి. బెన్నెట్ మొదటి నుంచీ చెప్పింది ఇదే. వాగులో కట్టిన కట్ట ఒక్కటే కాపాడదు. వాన చినుకు పడేచోట, పొలంలోనే మట్టిని పట్టుకోవాలి.