పారిస్ వీధులకు ముఖం దిద్దిన హౌస్‌మన్

నేడు ఏ నగరం పొలిమేరకు వెళ్లినా కొత్త కట్టడాలే స్వాగతం పలుకుతున్నాయి. బెంగళూరు కానీ, చెన్నై కానీ, పుణె కానీ, దృశ్యం ఒక్కటే. మేస్త్రీలు ఎలివేషన్ అని పిలిచే ఇంటి వీధి ముఖాన్ని ఒకరు అద్దాలతో నింపుతారు. మరొకరు గ్రానైటు పలకలు అతికిస్తారు. వేరొకరు గ్రీకు స్తంభాలు నిలబెడతారు. పక్క ఇంటితో పొంతన ఉండాలన్న నియమం ఎవరికీ లేదు. ఇల్లు యజమానిదే. అయితే ఆ ఇంటి ముఖాన్ని ప్రతిరోజూ చూసేది వీధిలో నడిచే జనం. కనుక ఆ ముఖం ఎలా ఉండాలో చెప్పే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు సుమారు 170 సంవత్సరాల క్రితం ఒక మహానగరం కచ్చితమైన సమాధానం ఇచ్చింది. ఆ నగరం పారిస్. ఆ సమాధానాన్ని అమలు జరిపిన అధికారి బారన్ జార్జి యూజీన్ హౌస్‌మన్. ఫ్రెంచివారు ఆ పేరును ఓస్మన్ అని పలుకుతారు. ఆయన అధికారంలో ఉన్న కాలంలో మన యానాం, పుదుచ్చేరి కూడా అదే ఫ్రెంచి చక్రవర్తి ఏలుబడిలో ఉండేవి.

హౌస్‌మన్ 1809 మార్చి 27న పారిస్‌లో జన్మించారు. తండ్రి వైపు వారు జర్మనీ సరిహద్దున ఉన్న అల్జాస్ ప్రాంతం నుంచి వచ్చిన ప్రొటెస్టెంటు కుటుంబీకులు. తల్లి తండ్రి డెంజెల్ సేనాపతిగా పనిచేసి, నెపోలియన్ చక్రవర్తి వద్ద బారన్ బిరుదు పొందినవారు. బాలుడు హౌస్‌మన్ పారిస్‌లోని పేరున్న పాఠశాలలలో చదివి, తరువాత న్యాయశాస్త్రం అభ్యసించారు. సంగీతంలోనూ శిక్షణ పొందారు. వాస్తు విద్య మాత్రం ఆయన ఏనాడూ చదవలేదు. నగర నిర్మాతగా చరిత్రకెక్కిన ఈయన వృత్తిరీత్యా కేవలం పరిపాలనాధికారి.

1831లో ఆయన ప్రభుత్వ సేవలో చేరారు. ఫ్రాన్సులో జిల్లా వంటి విభాగానికి ప్రిఫెక్టు, దాని కింది విభాగానికి ఉప ప్రిఫెక్టు అధికారులు. మన కలెక్టరు, సబ్ కలెక్టరు పదవులతో వీటిని పోల్చవచ్చు. దాదాపు పదిహేడేళ్ల పాటు హౌస్‌మన్ మారుమూల పట్టణాలలో ఉప ప్రిఫెక్టుగానే ఉండిపోయారు. 1838లో బోర్డో నగరానికి చెందిన ఆక్టావీతో వివాహమైంది. వారికి ఇద్దరు కుమార్తెలు. లూయీ నెపోలియన్ దేశాధ్యక్షుడైన తరువాత హౌస్‌మన్ దశ తిరిగింది. 1849 నుంచి మూడు జిల్లాలకు వరుసగా ప్రిఫెక్టు అయ్యారు. 1852 చివర లూయీ నెపోలియన్ మూడవ నెపోలియన్ పేరుతో చక్రవర్తి అయ్యారు. మరుసటి సంవత్సరం జూన్‌లో పారిస్ ఉన్న సెన్ జిల్లాకు హౌస్‌మన్‌ను ప్రిఫెక్టుగా నియమించారు. అప్పటికి ఆయన వయస్సు 44 సంవత్సరాలు.

ఆనాటి పారిస్‌ను తలచుకుంటే నేటి పారిస్‌తో పోలికే కుదరదు. పది లక్షల జనం ఇరుకు సందులలో క్రిక్కిరిసి ఉండేవారు. ఎత్తయిన పాత ఇళ్ల మధ్య సూర్యరశ్మి నేలను తాకేది కాదు. మురుగు వీధి నడుమనే పారేది. చాలా మందికి తాగునీరు సెన్ నది నుంచే వచ్చేది. నగర మురుగు కలిసేదీ ఆ నదిలోనే. 1832లో వచ్చిన కలరా ఒక్క పారిస్‌లోనే 18 వేలకు పైగా ప్రాణాలను బలిగొంది. 1849లో మళ్లీ అంతటి విపత్తు సంభవించింది. మరోవైపు, తిరుగుబాటు జరిగిన ప్రతిసారీ ప్రజలు ఇరుకు వీధులకు అడ్డంగా రాళ్లు, బండ్లు పేర్చి సైన్యాన్ని నిలువరించేవారు. వీధులు వెడల్పు చేయాలన్న చక్రవర్తి సంకల్పానికి ఆరోగ్యంతో పాటు ఈ రాజకీయ కారణమూ ఉంది.

కొత్త వీధుల ఆలోచన చక్రవర్తిది. నగర పటం మీద ఆయనే రంగు గీతలు గీసి కొత్త ప్రిఫెక్టుకు చూపించారు. ఆ గీతలను నేల మీదకు దించే భారం హౌస్‌మన్‌ది. ఆయన మొదట నగరమంతటినీ కొలిపించి, ఎత్తుపల్లాలతో సహా సమగ్రమైన పటం తయారు చేయించారు. తరువాత కూల్చివేతలు మొదలయ్యాయి. రివోలి వీధిని తూర్పుకు పొడిగించారు. ఉత్తర దక్షిణాలుగా సాగే సెబాస్టపోల్ రాజమార్గాన్ని 1858లో ప్రారంభించారు. నది మధ్యన నోట్రడామ్ చర్చి ఉన్న సితే దీవిలో పాత బస్తీలను దాదాపు పూర్తిగా తొలగించారు. హౌస్‌మన్ జన్మించిన ఇల్లు కూడా ఆయన చేయించిన పనులలోనే నేలమట్టమైంది.

నగర గృహాల ముఖాల విషయంలో జరిగిన మార్పు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. హౌస్‌మన్ రాకకు ముందే, 1852 మార్చిలో ఒక శాసనం వెలువడింది. కనీసం పదేళ్లకు ఒకసారి ప్రతి ఇంటి ముఖాన్ని గీకించి గానీ, రంగు లేదా సున్నం వేయించి గానీ శుభ్రపరచాలని అది ఆదేశించింది. 1859లో ఎత్తుల నిబంధనలు వచ్చాయి. వీధి వెడల్పును బట్టి ఇంటి ముఖం ఎత్తు నిర్ణయమయ్యేది. 20 మీటర్లు, అంతకు మించిన వెడల్పు గల వీధులలో ముఖాన్ని 20 మీటర్ల వరకు లేపవచ్చు. అందులోనూ నేల అంతస్తు మీద అయిదు అంతస్తులకు మించరాదు. కొత్త వీధుల వెంట స్థలాలు కొన్నవారు మరికొన్ని షరతులకు కట్టుబడవలసి వచ్చేది. ఒక వరుసలోని ఇళ్లన్నింటికీ బాల్కనీలు, చూరు గీతలు, కప్పులు సాధ్యమైనంత వరకు ఒకే మట్టంలో సాగాలి. లోపలి గదులు ఎలా కట్టుకోవాలన్నది యజమాని ఇష్టం.

ఈ నియమాల ఫలితంగా ఒక కొత్త తరహా ఇల్లు రూపుదిద్దుకుంది. పారిస్ ఉత్తరాన వాజ్ ప్రాంతపు గనుల నుంచి మీగడ రంగు సున్నపురాయి వచ్చేది. దానిని చక్కగా చెక్కి వీధి ముఖాన్ని నిర్మించేవారు. నేల అంతస్తులో దుకాణాలు ఉండేవి. రెండవ అంతస్తు ధనికులది. లిఫ్టులు లేని ఆ రోజులలో మెట్లు ఎక్కువ ఎక్కనవసరం లేని ఆ అంతస్తుకే గౌరవం ఎక్కువ. అందుకే దానికి చెక్కుడు పనితో కూడిన బాల్కనీ అమర్చేవారు. అయిదవ అంతస్తులో ఇంటి వెడల్పంతా సాగే మరో బాల్కనీ ఉండేది. ఆ పైన జింకు రేకులతో కప్పిన వాలు కప్పు. ఆ కప్పు కింద చలికి వణికే, వేసవిలో ఉడికిపోయే చిన్న గదులలో పనిమనుషులు నిద్రించేవారు. ఒకే ఇంటి ముఖం వెనుక సమాజపు అంతరాలన్నీ మెట్లు మెట్లుగా అమరి ఉండేవి.

కంటికి కనిపించని పని ఇంకా గొప్పది. బెల్‌గ్రాన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో దూరపు ఊటల నుంచి నీటి కాలువలు తవ్వించారు. 130 కిలోమీటర్ల పొడవైన ద్యూయిస్ కాలువ నీరు 1865లో నగరానికి చేరింది. సుమారు 150 కిలోమీటర్లుగా ఉన్న భూగర్భ మురుగు కాలువలు 500 కిలోమీటర్లు దాటాయి. ఆల్ఫాన్ పర్యవేక్షణలో బులోన్ వనం, పాడుబడిన రాతి గనుల చోట వెలసిన బ్యూట్ షోమోన్ ఉద్యానం వంటివి ప్రజలకు అందుబాటులోకి వచ్చాయి. 1860లో చుట్టుపక్కల గ్రామాలను కలిపి నగరాన్ని 12 విభాగాల నుంచి 20 విభాగాలకు విస్తరించారు.

ఈ రాళ్లను మోసి, చెక్కి, పేర్చిన వారు ఎవరు? ఫ్రాన్సు నడిబొడ్డున క్రూజ్ అనే బీద ప్రాంతం ఉంది. పంటలు అంతంతమాత్రంగా ఉండే అక్కడి పల్లెల నుంచి మగవారు తరతరాలుగా తాపీ పనికి పారిస్ వెళ్లేవారు. చలికాలం ముగియగానే బయలుదేరి, మళ్లీ చలి మొదలయ్యే వేళకు ఇంటికి చేరేవారు. మొదట కాలినడకన, రైలు వచ్చాక రైలులో ప్రయాణించేవారు. ఆ మధ్యకాలంలో సేద్యం, పిల్లలు, వృద్ధుల భారమంతా ఆడవారిదే. పారిస్‌లో వారి నివాసం ఒక్కో గదిలో అనేక మంది పడుకునే అద్దె కొంపలలో. ఆ ప్రాంతపు తాపీ మేస్త్రీ మార్తాన్ నాదో చట్టసభ సభ్యుడి స్థాయికి ఎదిగి, తన సాటి పనివారి బతుకులను గ్రంథస్థం చేశారు. సరిహద్దు పల్లెల నుంచి నగరాలకు కట్టడం పనికి వెళ్లే కుటుంబాలకు ఈ కథ కొత్తది కాదు.

కూల్చివేతల దెబ్బ కూడా పేదల మీదే పడింది. ఇల్లు గల యజమానికి నష్టపరిహారం దక్కింది. అద్దెకున్న కూలీ కుటుంబానికి ఒరిగిందేమీ లేదు. కొత్త ఇళ్ల అద్దెలు వారికి అందనంత ఎత్తుకు పెరిగాయి. వారు నగరం తూర్పు అంచులకు, శివార్లకు తరలిపోయారు. అక్కడ వెలసిన గుడిసెల వీధులకు అందమైన ముఖం దిద్దే నియమాలు వర్తించలేదు. హౌస్‌మన్ స్వయంగా వేసిన లెక్కల ప్రకారం కూలిన ఇళ్లు సుమారు 20 వేలు, కట్టినవి 40 వేలకు పైగా. కానీ కొత్త ఇంటిలో ఎవరు చేరారన్నది ఆ లెక్కలలో కనిపించదు.

ఇక ఖర్చు. ఆయన హయాంలో పనులకు దాదాపు 250 కోట్ల ఫ్రాంకులు వ్యయమైంది. వీధులు పడ్డాక పక్క స్థలాల విలువ పెరుగుతుందనీ, వాటిని అమ్మి అప్పు తీర్చవచ్చుననీ హౌస్‌మన్ అంచనా. అయితే వీధికి అవసరం లేని మిగులు భూమిని పాత యజమానులకే తిరిగి ఇవ్వాలన్న నిబంధన రావడంతో ఆ లాభం వారికి పోయింది. అప్పుడు ఆయన చట్టసభ అనుమతి లేకుండానే గుత్తేదారులకు హామీ పత్రాలు ఇచ్చి, వాటి ద్వారా అప్పు పుట్టించారు. 1867, 1868 సంవత్సరాలలో జూల్ ఫెర్రీ అనే న్యాయవాది పత్రికా వ్యాసాలలో ఈ లెక్కలను ఎండగట్టారు. ఆ తరువాత ఫ్రాన్సులో ఉచిత నిర్బంధ ప్రాథమిక విద్యను తెచ్చిన మంత్రి ఈ ఫెర్రీయే. 1869లో చట్టసభలో తీవ్ర చర్చ జరిగింది. హౌస్‌మన్ సొంతానికి సొమ్ము మూటగట్టుకున్నారన్న ఆరోపణ మాత్రం రుజువు కాలేదు.

1870 జనవరి మొదట్లో కొత్త మంత్రివర్గం ఏర్పడింది. రాజీనామాకు హౌస్‌మన్ అంగీకరించలేదు. చక్రవర్తి ఆయనను తొలగించక తప్పలేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో జర్మన్లతో యుద్ధంలో ఓడి చక్రవర్తి కూడా పదవి కోల్పోయారు. 1871 నాటి కమ్యూన్ పోరాటంలో, హౌస్‌మన్ పదిహేడేళ్ల పాటు పాలన సాగించిన నగర భవనం కాలిపోయింది. అందులోని దస్తావేజులు బూడిదయ్యాయి. 1877లో కార్సికా ద్వీపం నుంచి చట్టసభకు ఎన్నికైనా, ఆయనకు పూర్వ వైభవం రాలేదు. చివరి రోజులలో తన జ్ఞాపకాలను గ్రంథాలుగా వెలువరించారు. భార్య మరణించిన కొద్ది రోజులకే, 1891 జనవరి 11న ఆయన కన్నుమూశారు. పెర్ లాషేజ్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది.

ఆయనను తొలగించినవారు ఆయన పథకాలను మాత్రం విడిచిపెట్టలేదు. ఒపేరా రాజవీధి 1879లో పూర్తయింది. ఆయన పేరుతో ఉన్న హౌస్‌మన్ రాజమార్గం 1927లో గానీ ముగియలేదు. ఆనాటి అప్పులను నగర ప్రజలు దశాబ్దాల పాటు తీర్చారు. కూలిపోనున్న పాత వీధులను నగరపాలన తరఫున షార్ల్ మార్విల్ అనే ఛాయాచిత్రకారుడు తీసిన చిత్రాలలోనే నేడు చూడగలం. జింకు కప్పులు వేసే పారిస్ పనివారి నైపుణ్యాన్ని 2024 డిసెంబరులో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. కట్టిన చేతులకు ఆ గౌరవం దక్కడానికి ఇంతకాలం పట్టింది.

హౌస్‌మన్ జీవితం నుంచి నేటి నగరాలు గ్రహించవలసినవి రెండు ఉన్నాయి. ఇంటి ముఖానికీ వీధికీ పొందిక కుదరాలంటే అందరికీ ఒకే నియమం, దానిని అమలు జరిపే పట్టుదల అవసరం. ఆ పని ఆయన చేసి చూపించారు. కూల్చిన ఇంటిలో అద్దెకున్న మనిషి రేపు ఎక్కడ పడుకుంటాడన్న విచారణ కూడా అంతే అవసరం. ఆ పనిని ఆయన తన బాధ్యతగా భావించలేదు. కొత్త పేటకు పటం గీసేటప్పుడు ఈ రెండింటినీ కలిపి ఆలోచించే పాలకుల కోసం మన పల్లెల నుంచి వెళ్లిన తాపీ మేస్త్రీల కుటుంబాలు ఇప్పటికీ ఎదురుచూస్తూనే ఉన్నాయి.