చిత్తూరు నాగయ్య: ఒక నటుని జీవితం

మన కళాశాలలో తెలుగు అభ్యసించే విద్యార్థులలో పోతన, వేమనల పేర్లు ఎరుగనివారు లేరు. ఆ మహాకవుల రూపాలను కన్నులారా చూచినవారు మాత్రం ఎవరూ లేరు. అయినను పద్యం చెప్పేవేళ మా మనస్సులో ఒక ప్రసన్నమైన ముఖం, ఒక ఆర్ద్రమైన చూపు మెదలుతూ ఉంటాయి. మా పెద్దల తరంలోనూ ఎందరికో అంతే. ఆ ముఖం చిత్తూరు వి. నాగయ్యగారిది.

కళాశాల వార్షికోత్సవంలో నాటకమాడి కరతాళధ్వనులు అందుకొన్న మరునాడే, చదువు చాలించి సినిమాలలోకి పోతే ఎట్లా ఉంటుందని మమ్ము అడిగే విద్యార్థులు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వెళ్ళమని చెప్పే ధైర్యమూ, వద్దని శాసించే అధికారమూ మాకు లేవు. కనుక ఆ వృత్తిలో శిఖరాన్నీ లోయనూ కూడా చూచిన ఒక మహానటుని జీవితాన్ని వారి ముందుంచటమే మా కర్తవ్యమని భావిస్తున్నాము.

నాగయ్యగారు 1904 మార్చి 28న గుంటూరు మండలంలోని రేపల్లెలో జన్మించారు. పెరిగినదీ, పేరు తెచ్చుకొన్నదీ చిత్తూరులో. అందుకే ఆ ఊరి పేరు ఆయనకు ఇంటిపేరువలె స్థిరపడిపోయింది. అక్కడ ఆయన గుమాస్తాగా ఉద్యోగం చేస్తూ, రామవిలాస సభవారి నాటకాలలో వేషాలు వేశారు. సంగీతం శ్రద్ధగా నేర్చారు. గ్రామఫోను రికార్డులకు పాడారు. యౌవనంలోనే భార్యావియోగం వంటి దుఃఖాలను అనుభవించారు. హెచ్. ఎం. రెడ్డిగారి గృహలక్ష్మి చిత్రంలో తొలిసారి తెరపై కనిపించేనాటికి, అనగా 1938 నాటికి, ఆయన వయస్సు ముప్పదినాలుగేండ్లు. ఇరువది ఏండ్లకే కీర్తి రాలేదని నిరాశపడే యువకులు ఈ సంఖ్యను ఒకసారి గమనించాలి. తెరకు ముందున్న ఆ కాలం వృథాగా పోలేదు. రంగస్థలం ఆయనకు వాచికాన్ని ఇచ్చింది, సంగీతం కంఠాన్ని తీర్చింది, కష్టాలు ముఖానికి ఆ ఆర్ద్రతను ప్రసాదించాయి.

తరువాతి దశాబ్దం ఆయనది. వాహినీ సంస్థ తొలి చిత్రమైన వందేమాతరం 1939లో వచ్చింది. అందులో ఆయనే నాయకుడు, ఆయనే సంగీత దర్శకుడు. సుమంగళి, దేవత, స్వర్గసీమ చిత్రాలు బి. ఎన్. రెడ్డిగారి దర్శకత్వంలో వెలువడ్డాయి. కె. వి. రెడ్డిగారి భక్త పోతన 1942-43లో తెలుగునాట ఇంటింటా ఆయన పేరు వినిపించేటట్లు చేసింది. 1946లో త్యాగయ్య చిత్రాన్ని తామే నిర్మించి, దర్శకత్వం వహించి, నటించి, సంగీతం కూర్చారు. 1947లో యోగి వేమన వచ్చింది. కవి, గాయకుడు, యోగి అనే మూడు భిన్నమైన వ్యక్తిత్వాలను ఒకే నటుడు అయిదేండ్లలో ధరించి మెప్పించటం సామాన్య విషయం కాదు. దక్షిణ దేశంలో ఒక చిత్రానికి లక్ష రూపాయల పారితోషికం అందుకొన్న తొలి నటుడు ఆయనేనని చెప్పుకొంటారు. ఒక గుమాస్తా పది సంవత్సరాలలో చేరిన ఎత్తు అది!

అయితే ఆ ఎత్తు ఎంత అస్థిరమైనదో గ్రహించాలంటే నటవృత్తి స్వభావాన్ని కొంత తెలుసుకోవాలి. తొలినాటి టాకీలలో నటించేవారే పాడవలసి ఉండేది. సంగీతం తెలియని నటునికి నాయకపాత్ర దొరకటం కష్టం. నాగయ్యగారికి అది పెట్టని కోట. కాని నేపథ్యగానం ప్రవేశించి క్రమంగా స్థిరపడింది. 1950 తరువాత ఘంటసాలగారి కంఠం తోడుగా నందమూరి, అక్కినేని వంటి యువనటులు ప్రేక్షకుల హృదయాలను ఆక్రమించారు. ఎవరి దోషమూ లేకుండానే, ఒక యంత్ర సౌకర్యం మారినందువల్ల, ఒక నటునికి ప్రత్యేకమైన అర్హత సర్వసామాన్యమైపోయింది. వయస్సు కూడా నిలువలేదు. 1950లో విక్టర్ హ్యూగో నవల ఆధారంగా వచ్చిన బీదలపాట్లు చిత్రంలో ఆయన ప్రధానపాత్రను అద్భుతంగా పోషించారు. కాని అటువంటి పాత్రలు అరుదైపోయినవి.

ఇక ధనం సంగతి. ఉద్యోగికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది. నటునికి చిత్రం ఒప్పుకొన్నప్పుడు కొంత, నడుమ కొంత అందుతుంది. మిగిలినది నిర్మాత స్థితినిబట్టి రావచ్చు, రాకపోవచ్చు. రెండు చిత్రాల నడుమ ఎంత కాలం ఖాళీగా గడపాలో ఎవరూ చెప్పలేరు. పింఛను లేదు. నాగయ్యగారు ఈ వృత్తిలో ఆర్జించినదానిని దాచుకొన్నవారు కారు. మద్రాసులో ఆయన ఇల్లు అన్నార్తులకు, అవకాశాలకై వచ్చిన కళాకారులకు సత్రంవలె ఉండేది. అడిగినవారికి లేదనకపోవటం ఆయన స్వభావం. దానికితోడు నిర్మాతగా చేసిన సాహసాలు ఉన్నాయి. 1953 నాటి నా ఇల్లు ఆయనకు ఆర్థికంగా కలసిరాలేదు. భక్త రామదాసు చిత్రం అనేక ఇక్కట్ల నడుమ ఏండ్ల తరబడి సాగి, 1964లో గాని విడుదలకు నోచుకోలేదు.

ఆ చిత్రాన్ని గురించి మన పాఠకులకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. గోలకొండ తానీషా ప్రభువు, భద్రాచల రామదాసు, కబీరు ముగ్గురూ కలసిన ఆ గాథ మన ఉభయ భాషల వారికీ ఆత్మీయమైనది. అందులో కబీరు పాత్రను గుమ్మడిగారు ధరించగా, ఆ పాత్రకు మహమ్మద్ రఫీగారు పాడారు. రామదాసుగా నాగయ్యగారే నటించారు. చేతికి వచ్చిన ధనమంతా తాను నమ్మినదానికై వెచ్చించి కష్టాల పాలైన భక్తుని కథను, అదే స్థితిలో ఉన్న నటుడు తెరకెక్కించటం తలచుకొన్నప్పుడెల్లా మాకు మనస్సు బరువెక్కుతుంది.

1965లో భారత ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో సత్కరించింది. బిరుదు ఇల్లు గడపలేదు. ఒకనాడు లక్షలు చూచిన నటుడు తరువాత చిన్న చిన్న పాత్రలను అంగీకరించి జీవయాత్ర సాగించవలసి వచ్చింది. తండ్రిగా, గురువుగా, ఋషిగా కనిపించారు. 1963 నాటి లవకుశలో వాల్మీకి ఆయనే. పాత్ర చిన్నదైనా పెద్దదైనా ఆయన నటనలో గౌరవం తగ్గలేదని ఆ చిత్రాలను చూచినవారెవరైనా ఒప్పుకొంటారు. 1973 డిసెంబరు 30న మద్రాసులో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వద్ద చెప్పుకోదగిన ఆస్తి లేదు.

ఈ జీవితాన్ని చెప్పి, దానం చేయవద్దని మేము బోధించబోవటం లేదు. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టటం ఏ ధర్మంలోనైనా పుణ్యమే. కాని ఇచ్చేచేయి ఎల్లప్పుడూ ఇవ్వగలిగే స్థితిలో ఉండాలంటే, రేపటి ఖాళీ నెలలకు నేడే కొంత మిగుల్చుకొనక తప్పదు. నిలుకడలేని ఆదాయం గలవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. తన వృత్తికి ఆధారమైన విద్య ఒకటే అయితే, కాలం దానిని ఎప్పుడు పాతబరచగలదో కూడా నటుడు ఊహించి ఉండాలి.

మా విద్యార్థులకు మేము చెప్పగలిగినది ఇంతే. అభినయంపై ప్రేమ ఉంటే దానిని చంపుకొనవద్దు. చదువు పూర్తి చేయండి. నాగయ్యగారు చిత్తూరులో గుమాస్తాగిరి చేస్తూనే కళను సాధన చేసినట్లు, ఒక జీవనాధారాన్ని చేతబట్టుకొని సాధన చేయండి. సంగీతం, ఉచ్చారణ, పద్యపఠనం శ్రమించి నేర్చుకోండి. కళాశాల పాలకవర్గం వారికి కూడా మా విన్నపం ఒకటి ఉన్నది. వార్షికోత్సవానికి ముందు పదిరోజులు హడావుడిగా నాటకం వేయించటంతో సరిపుచ్చక, ఏడాది పొడుగునా ఉర్దూ, తెలుగు భాషలు రెండింటిలోనూ ఉచ్చారణలో, రంగస్థల విద్యలో శిక్షణ ఇప్పించగలిగితే, తమ శక్తి ఎంతటిదో విద్యార్థులు ఇక్కడనే తెలుసుకొంటారు. ఇల్లు విడిచి పరుగెత్తిన తరువాత తెలుసుకోవటంకన్న అది ఎంతో మేలు.

మద్రాసు పానగల్ పార్కులో నాగయ్యగారి విగ్రహం ఉన్నది. మాకు మాత్రం ఆయన తరగతి గదిలోనే కనిపిస్తారు. వచ్చే ఏడు పోతన పద్యం చెప్పేటప్పుడు, ఆ ముఖం వెనుకనున్న ఈ జీవితం కూడా మా విద్యార్థులకు గుర్తుకు వస్తే, ఈ వ్యాసం వ్రాసిన శ్రమ ఫలించినట్లే.