జి.ఎం.సి.బాలయోగి

గంటి మోహనచంద్ర బాలయోగి (1951 అక్టోబర్ 1 - 2002 మార్చి 3) న్యాయవాది, తెలుగుదేశం పార్టీ నాయకుడు. లోక్‌సభ స్పీకరు పదవిని అధిష్ఠించిన తొలి దళితుడు. పదవిలో ఉండగానే హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు.

బాల్యం, విద్య

అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని ఎదుర్లంకలో జన్మించాడు. స్వగ్రామంలో బడి లేనందున సమీపంలోని గుత్తెనదీవికి వెళ్ళి చదువుకున్నాడు. ఎం.ఏ., న్యాయశాస్త్ర పట్టాలు పొంది కాకినాడలో న్యాయవాద వృత్తి చేపట్టాడు. 1985లో మేజిస్ట్రేటు పదవికి ఎంపికైనా త్వరలోనే దానిని వదులుకున్నాడు.

రాజకీయ జీవితం

1987లో జిల్లా ప్రజా పరిషత్తు అధ్యక్షుడయ్యాడు. 1991లో అమలాపురం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 1996లో ఓడిపోయి, ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్ర ఉన్నత విద్యాశాఖ మంత్రిగా పనిచేశాడు. 1998 మార్చి 24న, 46 ఏళ్ళ వయసులో స్పీకరయ్యాడు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయినప్పుడు సభాపతి ఇతడే. ఒడిషా ముఖ్యమంత్రి అయ్యాక కూడా లోక్‌సభ సభ్యత్వం వదలని గిరిధర్ గమాంగ్ ఓటు వేయవచ్చునా అన్న వివాదాన్ని ఆ సభ్యుని అంతరాత్మకే విడిచిపెట్టాడు. అదే ఏడాది అక్టోబరులో తిరిగి స్పీకరుగా ఎన్నికయ్యాడు.

హెలికాప్టర్ ప్రమాదం

2002 మార్చి 3 ఉదయం బాలయోగి భీమవరం నుండి బెల్ 206 హెలికాప్టర్‌లో హైదరాబాదుకు బయలుదేరాడు. మార్గమధ్యంలో, అప్పటి కృష్ణా జిల్లా కైకలూరు సమీపంలోని కొవ్వాడలంక వద్ద హెలికాప్టర్ చేపల చెరువులో కూలిపోయింది. బాలయోగి, అతని భద్రతాధికారి, పైలట్ ముగ్గురూ మరణించారు. సరిగా కనిపించని వాతావరణంలో కిందికి దిగబోతూ చెరువును నేలగా పొరబడినట్లు భావించారు.

దీనిని పైలట్ పొరపాటు అని ఒక్క మాటలో తేల్చివేయడం సబబు కాదు. పెద్ద విమానాశ్రయంలో మంచు కమ్మినప్పుడు బాధ్యత ఇద్దరి మధ్య పంచబడి ఉంటుంది. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ వాతావరణాన్ని, రన్‌వేపై ఎంత దూరం కనిపిస్తున్నదో తెలియజేసి, ఇతర విమానాలు దగ్గరకు రాకుండా చూసి, దిగడానికి అనుమతి ఇస్తాడు. అనుమతి అంటే ఆజ్ఞ కాదు. పైలట్ పరికరాల సాయంతో నిర్ణీత ఎత్తు వరకు వస్తాడు. సాధారణ స్థాయి ఇన్‌స్ట్రుమెంట్ లాండింగ్ పద్ధతిలో ఇది రన్‌వేకు 200 అడుగుల పైన ఉంటుంది. అక్కడికి వచ్చాక కూడా రన్‌వే గాని, దాని దీపాలు గాని కనిపించకపోతే తిరిగి పైకి లేవవలసినదే. ఆ నిర్ణయం పూర్తిగా పైలట్‌దే.

కొల్లేటి ప్రాంతపు పొలాలు, చెరువుల మధ్య ఇటువంటి ఏర్పాట్లేవీ ఉండవు. అక్కడ దిగవలసివస్తే కంటిచూపే ఆధారం. పైగా నిశ్చలమైన నీటిపై ఎత్తును అంచనా వేయడం అనుభవజ్ఞులైన పైలట్లకు సైతం కష్టం. బేగంపేట విమానాశ్రయంలోని కంట్రోల్ టవర్ అంత దూరాన ఏ చెరువు ఎక్కడ ఉన్నదో చెప్పగలిగేది కాదు.

స్మృతి చిహ్నాలు

బాలయోగి భార్య విజయకుమారి 2002 ఉప ఎన్నికలో అమలాపురం నుండి లోక్‌సభకు ఎన్నికైంది. కుమారుడు హరీష్ 2024లో అదే స్థానంలో గెలిచాడు. హైదరాబాదు గచ్చిబౌలిలోని క్రీడా ప్రాంగణానికి, ఎదుర్లంక - యానాంల మధ్య గౌతమిపై నిర్మించిన వంతెనకు బాలయోగి పేరు పెట్టారు.