బుర్రకథా పితామహుడు షేక్ నాజరు

ఉరవకొండ సీమలో పెరిగిన మనకు కఱవన నేమో పుస్తకములు నేర్పనక్కఱ లేదు. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు అనంతపురము జిల్లా యిది. జాతరలలో ఉరుము వాద్యము మ్రోగినపుడు మేఘము గర్జించినట్లే మన హృదయములు పొంగును. అయినను ఆ వాద్యము మ్రోగించువారి పిల్లలు బడిలో తండ్రి పని యేదియో చెప్పుటకు సిగ్గుపడి తల వంచుకొనుట మేము చూచియున్నాము. అట్టి పిల్లలు తెలిసికొనదగిన యొక గాయకుని చరిత్రము నిచట సంగ్రహముగ వ్రాయుచున్నాము.

షేక్ నాజరుగారు 1920 ఫిబ్రవరి 5వ తేదీన గుంటూరు జిల్లా పొన్నెకల్లు గ్రామమున మిక్కిలి పేదదగు దూదేకుల కుటుంబమున జన్మించిరి. దూది యేకి పరుపులు కుట్టుట ఆ కులమువారి వృత్తి. మన జిల్లా గ్రామములలోను వీరు కలరు. పింజారి యను వారి వృత్తినామమును లోకులు తిట్టుగా వాడుచుండిరి. ఆ మాట వినుచునే బాలుడు పెరిగెను.

కంఠము మంచిది, ఇంటిలో కూడు లేదు. చిన్ననాడే నాటకములలో స్త్రీపాత్రలు ధరించి పేరు పొందిరి. నరసరావుపేటలో మురుగుళ్ల సీతారామయ్యగారి కడ సంగీతము నభ్యసించిరి. పేదఱికము వెన్నంటగా కొంతకాలము కుట్టుపనిచే పొట్ట పోసికొనిరి. అయినను పాటను విడువలేదు.

బుర్రకథ పూర్వము జంగములు మొదలగువారు ఊరూర తిరిగి చెప్పి యాచించుకొను కళ. నడుమ కథకుడు భుజమున తంబురయు, వ్రేళ్లకు అందెలును ధరించి పాడుచు, ఆడుచు, కథ చెప్పును. ఇరుప్రక్కల వంతలు డక్కీలో గుమ్మెటలో వాయించుచు తందాన పలుకుదురు. వారిలో నొకడు నవ్వించును. వేఱొకడు లోకవ్యవహారమును విమర్శించును. చదువురాని కూలివాడును రాత్రియెల్ల కూర్చుండి వినగల పాఠశాల యిది. నాజరుగారు దీనిని చేపట్టి, సంగీతమును, నాట్యమును, నటనను మేళవించి క్రొత్త తేజము నొసగిరి.

1943లో వంగదేశమున ఘోరమైన కఱవు వచ్చెను. 20 మొదలు 30 లక్షల వఱకు జనులు మడిసిరని చరిత్రకారుల యంచనా. ఆ యేడే ప్రజానాట్యమండలి యేర్పడెను. అందు చేరిన నాజరుగారు బెంగాలు కఱవును కథగా కట్టి ఆంధ్రదేశమున పాడిరి. కమ్యూనిస్టు ఉద్యమముతో వారికిగల సంబంధము అందఱకు సమ్మతము కాకపోవచ్చును. ఆకలిగొన్నవాని పక్షమున పాడుట మాత్ర మెవరికి సమ్మతము కాదు? 1876-78 నాటి మహాక్షామము మన సీమను పీల్చి పిప్పి చేసినది. పరుల యాకలిని తన యాకలిగా పాడినవానిని మనము పరాయివానిగ నెంచరాదు.

పల్నాటి యుద్ధము, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు, ప్రహ్లాద మున్నగు కథలను వారు చెప్పిరి. క్రీస్తు కథనుగూడ చెప్పిరి. ముస్లిము కుటుంబమున బుట్టి, హిందూ భక్తుని కథయు మన రక్షకుని కథయు నొకే తంబురతో వినిపించిన యా కంఠమునకు గోడలు లేవు. పాత కథ చెప్పుచు నేటి జనుల కష్టము నందు చొప్పించుట వారి ప్రత్యేకత. తమకు వచ్చిన విద్యను దాచుకొనక ఎందఱకో నేర్పిరి.

1986లో భారత ప్రభుత్వము వారికి పద్మశ్రీ బిరుదము నొసగెను. లోకము బుర్రకథా పితామహుడని కొనియాడెను. 1997 ఫిబ్రవరి 21న వారు పరమపదించిరి. వారి యాత్మకథకు పేరేమనుకొందురు? పింజారి! ఎగతాళిగా విసరిన మాటను వారు దాచుకొనలేదు; తమ జీవితగ్రంథమునకు తలకట్టుగా నుంచుకొనిరి.

బాలబాలికలారా, మీలో నెవరి తండ్రియైన ఉరుము మ్రోగించునేని, రేపు తరగతిలో అడిగినపుడు తల యెత్తి చెప్పుడు. తక్కినవారు నవ్వక వినుడు. ఆ తండ్రులారా, మీ విద్యను మీ పిల్లలకు నేర్పుడు, చదువును మాన్పింపకుడు. రెండును ఒకే చేత నిలువగలవని నాజరుగారి జీవితము మనకు నేర్పుచున్నది.