పటం మీద ఎవరి పేరుంది?

రామగిరి ఖిల్లా ఎక్కినవాళ్లకు తెలుసు, గుట్ట మీద నిలబడితే చూపు ఎంత దూరం పోతుందో. 200 ఏళ్ల కింద మన దేశ పటాన్ని గుట్టల మీద నుంచే కొలిచారు. మూడు ఎత్తయిన చోట్లు ఎంచుకోవడం, కోణాలు కొలవడం, ఒక భుజం పొడవుతో మిగతా లెక్కంతా తేల్చడం... పని అదే. అలా కొలిస్తే పాత పటాల్లో దాదాపు 400 మైళ్లున్న మద్రాసు-మంగళూరు దూరం 360కి తగ్గింది. 40 మైళ్ల నేల కాగితం మీదే పుట్టిందన్నమాట!

ఆ తప్పు పట్టుకున్నది విలియం లాంబ్టన్. ఆయన దగ్గర 1818లో సహాయకుడిగా చేరినవాడే జార్జ్ ఎవరెస్ట్. 1790లో పుట్టి, పదహారేళ్లకే హిందుస్తాన్ వచ్చిన ఇంగ్లీషు సైనికుడు.

ఆయనకు అప్పగించిన మొదటి పెద్ద పని మన దగ్గరే, కృష్ణా గోదావరుల నడుమ. మనిషి మహా కోపిష్టి. నిజాం ఇచ్చిన కాపలా సిపాయిలు ఎదురుతిరిగితే కొరడాలతో కొట్టించాడు. తర్వాత అడవి జ్వరం పట్టుకుంది. ఆయనతో పాటు మనుషులంతా పడిపోయారు, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. హైదరాబాద్ నుంచి ఏనుగులు పంపి మోసుకురావాల్సి వచ్చింది. ఆయన కోలుకోవడానికి ఓడెక్కి ఆఫ్రికా కొసకు పోయాడు. చనిపోయినవాళ్ల పేర్లు ఏ పటం మీదా లేవు.

1823లో లాంబ్టన్ పోయాక పని ఎవరెస్ట్ చేతికొచ్చింది. కన్యాకుమారి వైపు నుంచి మొదలైన కొలత గీతను 1841కల్లా హిమాలయాల దాకా చేర్చాడు. అందులో ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహసిన్ హుస్సేన్ చేతి పనితనం ఉంది. విలాయతు యంత్రాలు చెడిపోతే విప్పి బాగుచేసిన ఉస్తాద్ ఆయన. ఇంత కోపిష్టి ఎవరెస్టే పట్టుబట్టి ఆయనకు సర్వే యంత్రాల నిపుణుడి కొలువు ఇప్పించాడు.

మరి శిఖరం సంగతి? ఎవరెస్ట్ 1843లోనే కొలువు వదిలాడు. దాని ఎత్తు లెక్క కట్టిన ఘనత బెంగాలీ గణితవేత్త రాధానాథ్ సిక్దర్‌ది. 29,002 అడుగులని 1856లో ప్రకటించారు. టిబెట్ వాళ్లకు అది ఎప్పటి నుంచో చోమోలుంగ్మా. 1733లో ఫ్రాన్సులో అచ్చయిన పటంలోనూ ఆ పేరు కనిపిస్తుంది. అయినా 1865లో లండన్ భూగోళ సంఘం ఎవరెస్ట్ పేరే ఖాయం చేసింది. స్థానికులు తన పేరు పలకలేరని ఆయనే అభ్యంతరం చెప్పాడు, ఎవరూ వినలేదు. అసలు ఆయన ఇంటిపేరు పలికేది 'ఈవ్‌రిస్ట్' అని. మరుసటి ఏడు, 1866 డిసెంబర్ 1న, ఆయన కన్నుమూశాడు.